ఒక ‘ట’ ఎక్కువ, ఒక ‘ట’ తక్కువ

తూములపాలెంలో బుల్లబ్బాయి అనే హోటలు యజమాని ఉండేవాడు. ఆయన పెనం మీద అట్టుకు ఎప్పుడూ లోటు లేదు గాని, ఆయన నోట్లో ‘అట’కు మాత్రం నిలకడ ఉండేది కాదు.

పేరు బుల్లబ్బాయి అయినా మనిషికి అరవై దగ్గర పడ్డాయి. పొద్దున్నే మొదటి బస్సు ఆయన హోటలు ముందు పేపరు విసిరి పోయేది. ఆయన చదివేవాడు, ఊరు వినేది. చదువు రానివాళ్ళు వినడానికి వచ్చేవాళ్ళు. చదువు వచ్చినవాళ్ళు పేపరు కొనకుండా ఉండడానికి వచ్చేవాళ్ళు. సోమలింగం మాస్టారు ఈ రెండో రకం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లలకు చదవడం నేర్పి, రిటైరయ్యాక ఆయన వినడం నేర్చుకున్నాడు.

పేపరు అయిపోయాక ఊరి సంగతులు మొదలయ్యేవి. వాటికి పేపరు అక్కర్లేదు, బుల్లబ్బాయి చాలు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ ఒక మాట చెప్పింది. “ఒరే, కంటితో చూసినదానికి ‘ట’ కలపకు. చెవితో విన్నదానికి ‘ట’ మానకు.” ఆ మాట ఆయన చాలా ఏళ్ళు తప్పలేదు. అందుకే ఊరంతా ఆయన ‘ట’ మీద ఆధారపడి బతికేది. బుల్లబ్బాయి “సుందరమ్మ గేదె ఈనింది” అంటే జున్నుపాలకు గిన్నె పట్టుకుని బయల్దేరవచ్చు. “ఈనిందట” అంటే గిన్నె కడిగి పెట్టుకుని ఆగాలి. అంత నమ్మకం.

ఆ నమ్మకం నీటి సంఘం ఎన్నికలతో చెడింది.

ఊరి మొదట్లో కాలువకు ఒక తూము ఉంది. దానికి ఒకప్పుడు ఇనప పలక ఉండేది. పలక దించితే నీళ్ళు ఊరి చివరి పొలాలదాకా పారేవి. ఎత్తితే ముందున్న పొలాల్లోకి మళ్ళేవి. వెంకటరత్నం అనే పెద్దమనిషి ఇదివరకు సంఘం అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో ఆ పలక కనబడకుండా పోయింది. అప్పటినుంచి అక్కడ ఇసక బస్తాలు అడ్డం వేసేవాళ్ళు. బస్తాల సందుల్లోంచి నీళ్ళు ముందు పొలాల్లోకి కారుతూనే ఉండేవి. ముందు పొలాలు వెంకటరత్నానివి. అందులో ఆయన తప్పేమీ లేదు, తాతలనాటి పొలాలు.

ఆ వెంకటరత్నమే మళ్ళీ అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ఆయన మీద చిట్టెమ్మ నిలబడింది. ఆమెది చివరి పొలం. ఆమెకూ ఒక పాత కథ ఉంది. పలక ఇంకా ఉన్న రోజుల్లో, ఎండలు మండిన ఒక ఏడు, పలకకు వేసిన తాళం పగలగొట్టి నారుమడికి నీళ్ళు పెట్టుకుంది. మర్నాడు ఎవరూ అడక్కముందే సంఘం ముందుకు వచ్చి “నేనే పగలగొట్టాను” అంది. కొత్త తాళం కొనిచ్చింది. సంఘం వేసిన తప్పు కింద ఆ వేసవి అంతా చివరి కాలవలో పూడిక తీసింది. ఆ పూడిక తీసిన పుణ్యాన తరవాతి ఏడు చివరి పొలాలు బాగా పండాయి. దొంగతనం ఇంత లాభసాటిగా ఇంకెప్పుడూ జరగలేదని అప్పట్లో అనుకునేవాళ్ళు.

బుల్లబ్బాయికి వెంకటరత్నం అంటే ఇష్టం. వెంకటరత్నం ఆయన్ని పదిమందిలో “బావా” అని పిలిచేవాడు. చుట్టరికం ఏమిటని ఎవరైనా అడిగితే ఇద్దరూ దగ్గేవాళ్ళు. చిట్టెమ్మ మీద మాత్రం ఆయనకు ఒక పాత కోపం ఉంది. ఒకసారి ఆమె హోటలుకు వచ్చి, పెసరట్టు తుంచి, అల్లం చట్నీలో ముంచి, “అన్నయ్యా, చట్నీలోకి కాలువ వదిలావా?” అంది. హోటలంతా నవ్వింది. ఆ నవ్వు బుల్లబ్బాయి చెవుల్లో ఇంకా ఆరలేదు.

అందుచేత ఎన్నికల ముందు ఆయన సంగతులు ఇలా చెప్పసాగాడు.

“చిట్టెమ్మ తూము పగలగొట్టింది” అన్నాడు.

“తూమా, తాళమా?” అని సోమలింగం మాస్టారు అడిగాడు.

“తాళం పగిలితే తూము పగిలినట్టే కదా మాస్టారూ” అంటూ బుల్లబ్బాయి ఇంకో గరిటె చట్నీ వేశాడు. మాస్టారు ప్రశ్న వదిలి చట్నీ వైపు తిరిగాడు.

“మరి వెంకటరత్నంగారి కాలంలో పలక పోయిందిగా?” అని బల్ల చివరినుంచి ఎవరో అన్నారు.

“తుప్పు పట్టి పోయిందట. కాదు, వరదకు కొట్టుకుపోయిందట. ఆయనకు మనవలు కూడా పుట్టారు, పాత సంగతులు ఇప్పుడెందుకయ్యా? మనిషన్నాక మారడా?”

“చిట్టెమ్మా మనిషే కదా?”

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదన్నారు” అన్నాడు బుల్లబ్బాయి. అంటే ఆయన లెక్కలో మగవాళ్ళ బుద్ధి మనవలు పుట్టగానే పోతుంది, ఆడవాళ్ళది మాత్రం కాటిదాకా ఆగుతుంది. ఎవరూ తర్కించలేదు. పెసరట్లు వేడిగా ఉన్నాయి.

పొయ్యి దగ్గర ఉన్న ఆయన భార్య మంగతాయారు ఒక్కతే తల తిప్పింది. కిందటేడు వెంకటరత్నం మనవరాలి ఓణీల పండగకు టిఫిన్లు వండడానికి ఇద్దరూ వెళ్ళారు. అక్కడ పెరట్లో, వంటిల్లుకూ గొడ్లసావిడికీ మధ్య మురికికాలవ మీద ఒక ఇనప పలక వేసి ఉంది. ఆకుపచ్చ రంగు కొట్టి ఉంది. మధ్యలో గొలుసు తగిలించే కన్నం ఉంది. ఇడ్లీ పాత్రలు మోసుకుంటూ ఆలుమగలు ఆ రోజంతా దాని మీదనే అటూ ఇటూ తిరిగారు.

“ఏవండీ, మనం కాళ్ళతో తొక్కినదానికి కూడా ‘అట’ ఏమిటండీ?” అంది ఆమె మెల్లిగా.

“నువ్వు అట్టు తిప్పు.”

“అట్టు తిప్పుతాను. మాట తిప్పడం నాకు చేతకాదు” అని ఆమె అట్టు తిప్పింది.

హోటల్లో తన తాళం గురించి సాగుతున్న మాటలు చిట్టెమ్మ చెవిన పడ్డాయి. ఒకరోజు ఆమె హోటలుకు వచ్చి గల్లాపెట్టె ముందు నిలబడింది.

“అన్నయ్యా, నా తప్పు చెప్పు, నేను కాదనను. కాని తప్పు కట్టానని కూడా చెప్పు. ఆయనదీ అలాగే చెప్పు. చూసిందానికి చూసినట్టు, విన్నదానికి విన్నట్టు. అంతకంటే నేనేమీ అడగను.”

“పేపర్లో లేనిది నేనెలా చెప్పను?” అన్నాడు బుల్లబ్బాయి.

“నా తాళం పేపర్లో పడిందా?”

బుల్లబ్బాయికి అప్పుడే పాలు పొంగుతున్నట్టు తోచింది. లోపలికి వెళ్ళాడు. పాలు ఇంకా పొయ్యి మీదకే ఎక్కలేదు.

వెంకటరత్నం గెలిచాడు. బుల్లబ్బాయి ఆ పూట కాఫీ ఊరికే పోశాడు. ఆయన జీవితంలో ఊరికే కాఫీ పోయడం అదే మొదలు కాబట్టి, దాన్ని ఊరు చాలాకాలం చెప్పుకుంది.

కొన్నాళ్ళకు దాళ్వా, అంటే రెండో పంట, చేలు పాలు పోసుకునే వేళ వచ్చింది. ఇంకొక్క తడి పడితే గింజ గట్టిపడుతుంది. పడకపోతే తాలు. సరిగ్గా అప్పుడు పేపర్లో పెద్ద అక్షరాలతో ఒక వార్త పడింది. గట్ల మరమ్మతుల కోసం ఈ ఏడు ముందుగానే, వచ్చే శుక్రవారం, కాలువలు కట్టేస్తారు. రైతులు ఈలోగానే ఆఖరి తడి పెట్టుకోవాలి.

ఆ పొద్దున హోటలు తలుపులు తీయకముందే వెంకటరత్నం వచ్చాడు.

“బావా, ఇది గట్టిగా చదివావంటే చివరి పొలాలవాళ్ళంతా పారలు పట్టుకుని తూము మీద పడతారు. బస్తాలన్నీ సర్దమంటారు, నీళ్ళన్నీ కిందికి వదలమంటారు. కాస్త మెల్లిగా చెప్పు.”

“నా చేను కూడా చివరేగా బావా” అన్నాడు బుల్లబ్బాయి.

“నీ చేను సంగతి నేను చూసుకోనూ?” అని వెంకటరత్నం ఆయన భుజం తట్టాడు. ఆ చేను చిన్నదే. కాని హోటల్లో ఇడ్లీకీ, ఇంట్లో అన్నానికీ ఏడాది పొడుగునా బియ్యం దానిలోంచే రావాలి.

జనం వచ్చారు. బుల్లబ్బాయి పేపరు విప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

“శుక్రవారం కాలువ కట్టేస్తారట” అన్నాడు.

సగం లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. ‘అట’ కదా, చూద్దాం అనుకున్నారు. ఆ క్షణంలో సోమలింగం మాస్టారు పేపరు చేతిలోకి తీసుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కాని ఆయన చేతికి చట్నీ అంటి ఉంది.

ఎన్నికలు అయ్యాక చిట్టెమ్మ హోటలు మెట్టు తొక్కలేదు. ఆ రోజు తొక్కింది. మనుషుల సంగతిలో ఎలా మాట్లాడినా, నీళ్ళ సంగతిలో బుల్లబ్బాయి అబద్ధం ఆడడని ఆమె నమ్మకం.

“అన్నయ్యా, ఒక్క మాట చెప్పు. కట్టేస్తారా, కట్టేస్తారటా? కట్టేస్తారంటే ఇవాళే మా వాళ్ళందరినీ తూము దగ్గరికి తీసుకెళ్తాను. ‘అట’ అయితే మా తమ్ముడు నీళ్ళు తోడే ఇంజను తెచ్చేదాకా ఆగుతాను.”

మంగతాయారు అట్లకాడ గాల్లో పట్టుకుని మొగుడి వైపు చూసింది. పేపరు బుల్లబ్బాయి అరచేతి కిందనే ఉంది. ‘కట్టేస్తారు’ అన్నంతవరకు నోరు తేలిగ్గానే వచ్చింది. ఇక అక్కడ ఆగితే చాలు. కాని భుజం మీద వెంకటరత్నం తట్టిన చోటు ఇంకా వెచ్చగా ఉంది. చెవుల్లో పాత నవ్వు ఇంకా తడిగా ఉంది.

“...ట” అన్నాడు.

చిట్టెమ్మ తల ఊపి వెళ్ళిపోయింది. పెనం మీద అట్టు మాడింది. మంగతాయారు చేతిలో అట్టు మాడడం ఊరు చూడడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఆమె అడిగింది. “మన చేను కూడా అక్కడే ఉంది కదండీ?”

“రత్నం బావ చూసుకుంటాడు. అయినా ఇంకా కట్టలేదుగా. కట్టేస్తారట, అంతే” అన్నాడు బుల్లబ్బాయి. చెప్పగా చెప్పగా ఆయనకే అది వదంతిలా వినబడసాగింది. తాను కలిపిన ‘ట’ను తానే మింగి, ఆయన హాయిగా నిద్రపోయాడు.

శుక్రవారం కాలువ కట్టేశారు.

రత్నం బావ చూసుకుంటాడని నాలుగు రోజులు ఆగి, బుల్లబ్బాయి సైకిలు వేసుకుని చేలోకి బయల్దేరాడు. ముందు పొలాల్లో నీళ్ళు గట్లు ఒరుసుకుంటున్నాయి. కప్పలు పండగ చేసుకుంటున్నాయి. గట్టు మీద వెంకటరత్నం గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు.

“చూశావా బావా, బస్తాలు ఎలా కారిపోయాయో! నీళ్ళన్నీ ఇటే వచ్చేశాయి. ఏం చేస్తాం, పలక లేదాయె!” అన్నాడు విచారంగా.

పలక లేదన్న మాటకు బుల్లబ్బాయి అరికాళ్ళు చురుక్కుమన్నాయి. ఆ పలక చల్లదనం అరికాళ్ళకు తెలుసు. ఆయన సైకిలు ముందుకు పోనిచ్చాడు.

చివరి పొలాలకు వెళ్ళేసరికి మడులు నెర్రెలు విచ్చి ఉన్నాయి. గట్టు మీద చిట్టెమ్మ కూర్చుని ఉంది. తమ్ముడి ఇంజను వచ్చేసరికి కాలువలో తోడడానికి నీళ్ళు లేవు. ఆమె చేనూ ఆయన చేనూ పక్కపక్కనే. బుల్లబ్బాయి వంగి ఒక కంకి తుంచాడు. గింజ నొక్కాడు. పాలు రాలేదు. ఇంకో గింజ నొక్కాడు. పొట్టు మాత్రమే వేళ్ళకు అంటుకుంది.

చిట్టెమ్మ తిట్టలేదు. ఏడవలేదు. ఎదురుగా ఎండిన చేను వైపు చూస్తూ అంది:

“మన చేలు ఎండిపోయాయట, అన్నయ్యా.”

బుల్లబ్బాయి ఆ తాలు కంకిని జేబులో వేసుకుని, సైకిలు నడిపించుకుంటూ ఇంటిదారి పట్టాడు.

మర్నాడు పేపరు వచ్చింది. బుల్లబ్బాయి విప్పలేదు.

“తూము పలక వెంకటరత్నంగారి పెరట్లో ఉంది” అన్నాడు. “ఎవరు తెచ్చి పెట్టారో నేను చూడలేదు. ఉండడం చూశాను.”

సోమలింగం మాస్టారు నింపాదిగా నీళ్ళు తాగి, “ఉందట” అన్నాడు. ఆయనకూ చివర్లో కాస్త పొలం ఉంది. ఇప్పుడు లేనట్టే ఉంది.

“అట కాదు మాస్టారూ. ఉంది!”

“అట కాదట” అన్నారు బల్ల చివరినుంచి. హోటలంతా నవ్వింది. ఆ నవ్వులో ఆకలి ఉంది.

ఇంతలో మలుపు దగ్గర మోత వినబడింది. “రెండో బస్సు వచ్చింది” అన్నాడు బుల్లబ్బాయి. “వచ్చిందట” అన్నారు అందరూ. ఎవరూ లేవలేదు. బస్సు నిజంగానే వచ్చి వెళ్ళిపోయింది. కోర్టు వాయిదా ఉన్న మనిషి ఒకడు చేతిలో కాఫీ గ్లాసుతో దాని వెనక కొంతదూరం పరుగెత్తాడు. గ్లాసు బుల్లబ్బాయిది కాబట్టి ఆ మనిషి వెనక బుల్లబ్బాయి పరుగెత్తాడు.

ఆయన వగరుస్తూ తిరిగి వచ్చేసరికి మంగతాయారు పొయ్యి ఆర్పేసింది.

“ఆయన మాట మీద మీకు నమ్మకం లేదు. నాకూ లేదు. కాని ఆ పలక మీద నేనూ నడిచాను. వచ్చి చూసుకోండి” అంటూ చేతిలో అట్లకాడతోనే మెట్లు దిగింది. హోటలు మొత్తం ఆమె వెనక నడిచింది. టిఫిను ఎలాగూ ఆగిపోయింది. దారిలో చిట్టెమ్మ కలిసింది. బుల్లబ్బాయి తల వంచుకుని అందరికంటే వెనక నడిచాడు.

వెంకటరత్నం అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. “రండి బావా, రండి! ఏమిటి ఇంతమంది?” అన్నాడు. జనం ఆయన్ని దాటుకుని పెరట్లోకి వెళ్ళారు. మంగతాయారు మురికికాలవ దగ్గర చతికిలబడి, మాడిన అట్టు గీకినట్టు, ఆకుపచ్చ రంగు గీకింది. రంగు కింద అక్షరాలు కనబడ్డాయి. ‘తూములపాలెం తూము’ అని సోమలింగం మాస్టారు పైకి చదివాడు. రిటైరయ్యాక ఆయన పైకి చదివింది అదొక్కటే.

“అది ఎప్పటిదో బావా” అన్నాడు వెంకటరత్నం, బ్రష్షు చేత్తో పట్టుకుని. “పాత సంగతి. మనిషన్నాక మారడా అని నువ్వే అన్నావు కదా?”

బుల్లబ్బాయి ముందుకు వచ్చాడు.

“అన్నాను. కాని పలక ఇంకా ఇక్కడే ఉంది బావా. తిరిగి ఇచ్చేసి ఉంటే అది పాత సంగతి అయ్యేది. ఇది ఇవాళ్టి సంగతి.” అని వంగి పలకకు ఒక పక్క చెయ్యి వేశాడు. రెండో పక్క చిట్టెమ్మ చెయ్యి వేసింది.

సంఘం కూర్చుంది. వెంకటరత్నాన్ని పెద్దగా ఏమీ అడగలేదు. చిట్టెమ్మ ఒకప్పుడు చేసినట్టే, లేచి నిలబడి ‘నేనే’ అనమన్నారు. తప్పు కింద చివరి కాలవ పూడిక తీయమన్నారు. వెంకటరత్నం లేచాడు. కండువా సవరించుకున్నాడు.

“పలక మా పెరట్లోకి వచ్చింది” అన్నాడు.

“నడిచి వచ్చిందా?” అంది చిట్టెమ్మ.

“రావడం జరిగింది” అన్నాడు.

“తెచ్చాను అనండి, చాలు” అన్నాడు సోమలింగం మాస్టారు. “మూడక్షరాలు.”

వెంకటరత్నం చాలాసేపు ప్రయత్నించాడు. ఆ మూడు అక్షరాలు రాలేదు. వాటికంటే పదవి వదులుకోవడమే ఆయనకు సులువుగా తోచింది. వదిలేశాడు. ‘నేనే’ అని ఉంటే ఊరు ఆయన్ని ఉంచేసేదేమో. ఆ ఊరికి అంత పెద్ద రోషం ఏమీ లేదు.

పలక తూముకు ఎక్కింది. చిట్టెమ్మ అధ్యక్షురాలైంది. కాని ఎండిన చేలు మళ్ళీ పచ్చబడలేదు. ఆ ఏడు చివరి పొలాలవాళ్ళు బియ్యం కొనుక్కుని తిన్నారు. బుల్లబ్బాయి హోటల్లో ఇడ్లీ చిన్నదైంది. నోట్లో వేసుకుంటే తిన్నామో, తిన్నామటో తెలిసేది కాదని జనం అనేవాళ్ళు. ఆయన మాటకు ఊరు ‘ట’ కలపడం కూడా వెంటనే మానలేదు. గేదె ఈనిందంటే, గిన్నెతో కాకుండా ముందు ఉత్త చేతులతో వెళ్ళి చూసి వచ్చేవాళ్ళు. బుల్లబ్బాయి దానికి కోపం తెచ్చుకోలేదు. ఎవరి సంగతి చెప్పినా, చూసిందా విన్నదా అని ముందు తనలో తాను అనుకుని, ఆ తరవాతే నోరు విప్పేవాడు. అందువల్ల ఆయన వార్తలు బాగా ఆలస్యమయ్యేవి.

తొలకరి పడ్డాక ఒక పొద్దున చిట్టెమ్మ వచ్చి లోపలి బల్ల మీద కూర్చుంది. పెసరట్టు తుంచింది. చట్నీలో ముంచింది. నోట్లో పెట్టుకుంది. హోటలంతా నమలడం ఆపింది.

“చట్నీ పలచన, అన్నయ్యా” అంది.

బుల్లబ్బాయి పొయ్యి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు. వేలితో కాస్త చట్నీ తీసి నాలుక మీద వేసుకున్నాడు.

“పలచనే, చెల్లెమ్మా” అన్నాడు. ‘ట’ కలపలేదు.

ఒప్పుకుని సరిదిద్దుకున్న తప్పు పాతబడుతుంది, దాచిన తప్పు ఎన్నేళ్ళయినా కొత్తదే. ఆ తేడా చూడకుండా, మనవాడి తప్పుకు ‘ట’ కలిపి పరాయివాడి తప్పుకు ‘ట’ తీసేసేవాడు చివరికి ఊరి పంటతోపాటు తన మాటనూ ఎండగట్టుకుంటాడు.